వాటర్‌ప్రూఫ్ నగలు కొనొచ్చా? పూత కింద ఏముందో చూసి తేల్చుకోండి

స్నానానికి తీయక్కర్లేదు, ఈతకొలనులో దిగినా ఫర్వాలేదు, చెమట పట్టినా రంగు మారదు అంటూ అమ్ముతున్న నగలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. బంగారు రంగులో మెరుస్తుంటాయి. ధర బంగారం దరిదాపుల్లో ఉండదు కానీ, మామూలు గిల్టు నగ కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ ఎక్కువ పెట్టడం దండగా కాదా అన్నదే చాలామంది సందేహం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒంటి మీద నుంచి తీయకుండా రోజూ పెట్టుకునే సన్న గొలుసు, చెవిపోగులు, ముక్కుపుడక లాంటివైతే కొనొచ్చు, అదీ లోపలి లోహం ఏమిటో స్పష్టంగా రాసి ఉంటేనే. ఉంగరానికైతే బంగారు పూత వద్దు, సాదా స్టీలో టైటానియమో తీసుకోండి. ముత్యాలు, రాళ్ళు ఉన్న నగకు వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా నమ్మి నీళ్ళలో దిగొద్దు.

గడియారానికి పరీక్ష ఉంది, నగకు లేదు

చేతి గడియారం నీళ్ళకు ఆగుతుందని చెప్పడానికి ఐఎస్ఓ 22810 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఏ పరీక్షకు నిలబడాలో అందులో ఉంటుంది. ఫోన్‌కు ఐపీ67 రేటింగు ఉందంటే, ఒక మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఉంచినా లోపలికి హాని చేసేంత నీరు చేరదని పరీక్షలో తేలిందన్నమాట. నగల విషయంలో అందరూ ఒప్పుకున్న ఇలాంటి కొలమానం లేదు. అమ్మేవాళ్ళు తమ సరుకు గురించి తామే ఇచ్చుకునే హామీ అది.

అందుకే ఒకే లేబుల్ ఉన్న రెండు గొలుసుల్లో ఒకటి మంచి స్టీలు మీద గట్టి పూత వేసినది కావచ్చు, రెండోది ఇత్తడి మీద పల్చటి బంగారు పూత వేసి, ఆ పైన రంగులేని వార్నిష్ కొట్టినది కావచ్చు. కొన్నరోజు రెండూ ఒకేలా మెరుస్తాయి. తేడా వాడకంలోనే బయటపడుతుంది, అప్పటికి తిరిగిచ్చే గడువు దాటిపోతుంది. కాబట్టి లేబుల్‌ని పక్కన పెట్టి రెండే విషయాలు పట్టుకోండి: కింద ఉన్న లోహం ఏమిటి, దాని మీద పూత ఏ పద్ధతిలో వేశారు.

పూత ఎందుకు పోతుంది

మంచినీళ్ళ వల్ల నగకు పెద్దగా హాని ఉండదు. హాని చేసేవి నీళ్ళలో కలిసి వచ్చేవి. సముద్రపు నీటిలో సుమారు 3.5 శాతం ఉప్పు ఉంటుంది, చెమటలోనూ ఉప్పు ఉంటుంది. ఈతకొలనులో క్లోరిన్, వేడినీటి తొట్టెల్లో క్లోరిన్ గానీ బ్రోమిన్ గానీ ఉంటాయి, పైగా ఆ వేడికి రసాయన చర్య వేగం పుంజుకుంటుంది. సహజమైన వేడినీటి బుగ్గల్లో తరచూ గంధకం ఉంటుంది. ఇవి కాక సబ్బు, సన్‌స్క్రీన్, సెంటు.

మామూలు గిల్టు నగ తయారీలో ఇత్తడి లాంటి లోహాన్ని ద్రావణంలో ముంచి, కరెంటు పంపి, పైన బంగారు పొర ఎక్కిస్తారు. ఆ పొర ఎంత పల్చగా ఉంటుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల ప్రకారం బంగారు ఎలక్ట్రోప్లేట్ అని పిలవడానికి కనీసం 0.175 మైక్రాన్ల మందం చాలు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే వెంట్రుకలో 400వ వంతు. ఇంత పల్చటి పొరలో కంటికి కనబడని రంధ్రాలు ఎన్నో ఉంటాయి. ఉప్పునీరు ఆ రంధ్రాల్లోంచి కింది లోహానికి చేరుతుంది.

అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీళ్ళలో తడిస్తే, వాటి మధ్య చిన్నపాటి బ్యాటరీ ఏర్పడుతుంది. అందులో బంగారం చెక్కుచెదరదు, కరిగేది కింది లోహమే. కాబట్టి రంధ్రం ఉన్నచోట పైనున్న బంగారం ఇత్తడిని కాపాడకపోగా అది ఇంకా త్వరగా కరిగిపోయేలా చేస్తుంది. మెడ మీద ఆకుపచ్చ మరక పడేది ఇలా బయటికొచ్చిన రాగి వల్లే, అది చిలుమే. మరక కడిగితే పోతుంది. కానీ చాలా గిల్టు నగల్లో ఇత్తడికీ బంగారానికీ మధ్య నికెల్ పొర కూడా ఉంటుంది. పైపూత అరిగితే అది చర్మానికి తగులుతుంది, నికెల్ పడనివాళ్ళకు దురద, దద్దుర్లు మొదలవుతాయి.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పూత ఎంత గట్టిదైనా ఏదో ఒకరోజు ఎక్కడో ఒకచోట అరుగుతుంది. ఆ రోజున కింద ఇత్తడి కనబడుతుందా, స్టీలు కనబడుతుందా, వెండి కనబడుతుందా అన్నదాన్ని బట్టే మీ డబ్బుకు విలువ.

316ఎల్ స్టీలు మీద పీవీడీ పూత

వాటర్‌ప్రూఫ్ పేరుతో అమ్మే వాటిలో నమ్మదగినవి ఎక్కువగా ఈ రకమే. 316ఎల్ అనే స్టీలులో 16 నుంచి 18 శాతం క్రోమియం, 10 నుంచి 14 శాతం నికెల్, 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటాయి. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద చాలా సన్నని రక్షణ పొరను ఏర్పరుస్తుంది. గీత పడితే ఆ పొర తనంతట తానే మళ్ళీ పుడుతుంది. ఉప్పునీళ్ళలో స్టీలుకు చిన్న చిన్న గుంటలు పడే జబ్బు ఉంటుంది, దాన్ని అడ్డుకునేది మాలిబ్డినం. వంటపాత్రల్లో ఎక్కువగా వాడే 304 రకంలో ఈ మాలిబ్డినం లేదు. అందుకే సముద్రం, చెమట మాట వచ్చినప్పుడు 316ఎల్ అని నంబరుతో సహా రాసి ఉందా అని చూడమంటాను. ఉత్త "స్టెయిన్‌లెస్ స్టీల్" అన్నా, "సర్జికల్ స్టీల్" అన్నా కచ్చితంగా ఏ రకమో తెలియదు.

పీవీడీ అంటే గాలి తీసేసిన గదిలో లోహాన్ని ఆవిరిగా మార్చి, అణువులు అణువులుగా నగ మీద పేరుకునేలా చేసే పద్ధతి. ఇలా పడిన పొర దట్టంగా ఉంటుంది, కింది లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. బంగారు రంగు కోసం తరచూ టైటానియం నైట్రైడ్ వాడతారు. డ్రిల్లింగ్ మెషిన్ బిట్లు కొన్ని బంగారు రంగులో ఉంటాయి గమనించారా, వాటి మీద ఉండేది అదే పదార్థం. కొందరు తయారీదారులు ఆ గట్టి పొర మీద అసలు బంగారం కూడా పల్చగా వేస్తారు. రంగు నిండుగా వస్తుంది, కానీ ముందు అరిగేదీ ఆ పైపొరే.

ఈ రకం నగలు రోజూ స్నానం, చెమట, అప్పుడప్పుడూ ఈత బాగానే తట్టుకుంటాయి. పూత అరిగినా కింద తెల్లటి స్టీలు కనబడుతుంది తప్ప చిలుము పట్టదు, చర్మం పచ్చబడదు. నా దృష్టిలో గిల్టు నగ కన్నా ఎక్కువ పెట్టే డబ్బు ఈ ఒక్క కారణానికే న్యాయం.

లోపాలూ ఉన్నాయి. పూత ఒకచోట పోతే అక్కడ మాత్రమే మళ్ళీ వేయడం కుదరదు. గొలుసు తెగితే టంకం వేడికి చుట్టుపక్కల రంగు మారిపోతుంది కాబట్టి ఏ స్వర్ణకారుడూ ఉత్సాహంగా ముట్టుకోడు. తిరిగి అమ్ముదామంటే లోహానికి విలువ రాదు. వాడినన్నాళ్ళు వాడి పక్కన పెట్టాల్సిన వస్తువు అని తెలిసే కొనాలి.

పూత అసలే లేనివి

ఇక్కడ నా ఇష్టాన్ని దాచుకోను. బంగారు రంగే కావాలన్న పట్టుదల లేకపోతే పూతలేని 316ఎల్ గానీ టైటానియం గానీ కొనండి. పోవడానికి పూతే లేదు. గీతలు పడతాయి, పాలిష్ చేయిస్తే పోతాయి. సముద్రంలో మునిగినా, చెమటలో నానినా లోహం అదే రంగులో ఉంటుంది. నీళ్ళకు భయపడక్కర్లేని నగ అన్న మాటకు పూర్తిగా తగినవి ఇవే. అయినా ప్రకటనల్లో కనిపించేది మాత్రం బంగారు పూతవే.

టైటానియం స్టీలు కన్నా చాలా తేలిక, బరువు ఇంచుమించు సగం. నికెల్ పడనివాళ్ళకు ఇదే మొదటి ఎంపిక. 316ఎల్‌లో నికెల్ ఉన్నా అది లోహంలో బిగుసుకుని ఉంటుంది కాబట్టి చాలామందికి ఇబ్బంది రాదు, కానీ అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్ళు ఆ ప్రయోగం చేయనక్కర్లేదు. యూరోపియన్ యూనియన్‌లో చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదని నిబంధన ఉంది. కుట్టిన రంధ్రంలో ఉండే కాడలకైతే ఆ పరిమితి 0.2 మాత్రమే. చెవీ ముక్కూ కొత్తగా కుట్టించుకున్నవాళ్ళు శరీరంలో అమర్చే పరికరాలకు వాడే టైటానియం రకాన్నే అడగాలి, దాని ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్136. రంగురంగుల టైటానియం నగలు కూడా దొరుకుతాయి. ఆ రంగు పైనున్న ఆక్సైడు పొర వల్ల వచ్చేది, రాపిడికి అదీ పోతుంది.

వెండి, వెర్మెయిల్, గోల్డ్‌ఫిల్డ్

వెండి నల్లబడటానికి నీళ్ళను తిడతాం గానీ, కారణం గంధకం. గాలిలో, చెమటలో, కొన్ని బుగ్గల నీళ్ళలో ఉండే గంధకంతో కలిసి వెండి సల్ఫైడుగా మారుతుంది. సాధారణ స్టెర్లింగ్ వెండిలో 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగి. క్లోరిన్ కూడా దాన్ని మచ్చలు పడేలా చేస్తుంది. స్నానం వరకు ఫర్వాలేదు, ఈతకొలనులోకి, వేడినీటి బుగ్గల్లోకి వద్దు. అయితే వెండికి ఒక గొప్ప గుణం ఉంది: ఎంత నల్లబడినా తోమితే మళ్ళీ తెల్లబడుతుంది, తెగితే అతుకు పడుతుంది.

వెర్మెయిల్ అంటే వెండి మీద మందంగా బంగారం ఎక్కించినది. పైన చెప్పిన అమెరికా మార్గదర్శకాల ప్రకారం ఆ పొర కనీసం 2.5 మైక్రాన్లు ఉండాలి. మామూలు పూత కన్నా చాలా మేలు, అయినా తీసి దాచుకునే రకమే తప్ప నీళ్ళ నగ కాదు. గోల్డ్‌ఫిల్డ్‌లో బంగారు రేకును వేడితో, ఒత్తిడితో ఇత్తడికి అతికిస్తారు. మొత్తం బరువులో సాధారణంగా 20వ వంతు ఆ బంగారు రేకుదే కాబట్టి ఆ పొర పూతల కన్నా ఎన్నోరెట్లు మందం. స్నానానికీ చెమటకూ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నిజమైన బంగారపు మెరుపు కావాలి, ముద్ద బంగారం కొనే స్తోమత ఇప్పుడు లేదు అనుకునేవాళ్ళు పీవీడీతో పాటు దీన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. కత్తిరించిన అంచుల దగ్గర మాత్రం లోపలి ఇత్తడి బయటికి ఉంటుంది, ఉప్పునీరు అక్కడ పట్టుకుంటుంది. సముద్రానికి వెళ్ళేవాళ్ళకు నేను పీవీడీ స్టీలే చెబుతాను.

అసలు బంగారం మాటేమిటి

ఇప్పటికే బంగారం ఉన్నవాళ్ళు నీళ్ళ కోసమని వేరే నగ కొనక్కర్లేదు, స్నానానికి బంగారం ఆగుతుంది. జాగ్రత్త ఈతకొలనుల విషయంలోనే. 24 క్యారెట్ల బంగారానికి క్లోరిన్ నీళ్ళు పెద్ద లెక్క కాదు గానీ, క్యారెట్లు తగ్గేకొద్దీ రాగి, జింకు, నికెల్ లాంటి ఇతర లోహాల పాలు పెరుగుతుంది. 22 క్యారెట్లలో బంగారం 91.6 శాతం, 18లో 75, 14లో 58.3. క్లోరిన్ పట్టుకునేది ఆ ఇతర లోహాలనే. ముఖ్యంగా నికెల్ కలిపిన తెల్లబంగారంలో, రాయిని పట్టుకునే సన్నని కొక్కేల దగ్గర కనబడని పగుళ్ళు వస్తాయి. నగ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒకరోజు కొక్కెం విరిగి రాయి జారిపోతుంది. వేడినీటి తొట్టెల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. వజ్రపు ఉంగరం పెట్టుకుని వాటిలోకి దిగొద్దని గట్టిగా చెబుతాను.

ప్లాటినం ఈ నీళ్ళలో దేనికీ లొంగదు. ధర భరించగలిగితే దాని గురించి ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

ఉంగరం వేరు, దుద్దు వేరు

పూత పోవడానికి నీటి కన్నా రాపిడి పెద్ద కారణం. చెవిపోగులు దేనికీ రాసుకోవు, వాటి మీద మంచి పీవీడీ పూత చాలాకాలం ఉంటుంది. మెడలో గొలుసు బట్టకూ చర్మానికీ రాసుకుంటుంది, మధ్యస్థం. చేతి కడియం బల్లకూ తలుపుకూ తగులుతుంది. ఉంగరం రోజంతా ప్రతి వస్తువునూ ఒరుసుకుంటుంది: తాళాలు, స్టీరింగు, బ్యాగు పట్టీ, గిన్నెలు. అరచేతి వైపు పూత ముందు పోతుంది. గొలుసు, ఉంగరం ఒకే సెట్టులో కొంటే, గొలుసు కొత్తగా ఉండగానే ఉంగరం వెలిసిపోయి జత చెడుతుంది. ఉంగరానికి పూతలేని లోహమే మంచిదన్నది అందుకే. మరో సంగతి, స్టీలు, టైటానియం ఉంగరాల సైజు మార్చడం చాలా కష్టం. కొనేటప్పుడే వేలికి సరిగ్గా చూసుకోవాలి.

గొలుసులో బలహీనమైన చోటు కొక్కెం. గొలుసంతా 316ఎల్ అయినా, కొక్కెంలోని చిన్న స్ప్రింగు వేరే రకం స్టీలుదైతే ముందు తుప్పు పట్టేది అదే. బిగుసుకుపోవడం, ఎర్రటి మరక కనబడటం దాని గుర్తులు. విడిభాగాలు కూడా అదే లోహమా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక ముత్యాలు. ముత్యం కాల్షియం కార్బొనేటు. మెత్తనిది, ఆమ్లాలకు కరిగేది. దారం తడిస్తే సాగుతుంది, కుళ్ళుతుంది. టర్కాయిస్ రాయికి సన్నని రంధ్రాలుంటాయి, సబ్బూ నూనే పీల్చుకుని రంగు మారుతుంది. పచ్చల్లో పగుళ్ళు కనబడకుండా నూనె పట్టిస్తారు, సబ్బునీళ్ళకు అది కొట్టుకుపోతుంది. రాళ్ళను జిగురుతో అతికించిన నగలైతే, వెనక మెరుపు రేకు పెట్టినవైతే తడి లోపలికి పోయిన రోజునే మసకబారతాయి. చుట్టూ ఉన్న లోహం ఎంత గొప్పదైనా వీటిని కాపాడలేదు.

తీయకుండా ఉంచుకోవడంలో ఉన్న చిక్కు

నగకు ఏమీ కాదన్న ధైర్యంతో దిగితే, అసలు నగే పోవచ్చు. చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడతాయి, సబ్బు నురగ తోడైతే ఉంగరం తెలియకుండానే జారుతుంది. వదులుగా ఉన్నదేదీ సముద్రంలోకి వద్దు. ఎప్పుడూ తీయని ఉంగరం కింద సబ్బు, తడి నిలిచి చర్మం ఒరుసుకుపోవడం కూడా మామూలే. చాలామంది దాన్ని లోహం పడకపోవడం అనుకుంటారు. తీసి, కడిగి, ఆరబెట్టుకుంటే తగ్గితే కారణం తడే.

వాటర్‌ప్రూఫ్ నగకైనా ఒక చిన్న అలవాటు మేలు చేస్తుంది: ఈత అయ్యాక మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడవడం. ఉప్పు, క్లోరిన్ ఆరిపోయి అక్కడే ఉండిపోవడం నీళ్ళలో తడవడం కన్నా చెడ్డది.

కొనేముందు

ప్రకటనలో "18 క్యారెట్ పీవీడీ" అని ఉంటే నగ 18 క్యారెట్ల బంగారంతో చేసినదని కాదు, మహా అయితే పైపొరలో వాడిన బంగారం ఆ స్వచ్ఛతది అని మాత్రమే. ఆ పొర మందం ఎంతో దాన్నిబట్టి తెలియదు. పెద్ద అక్షరాల్లో క్యారెట్లు రాసి, లోహం పేరు ఎక్కడో అడుగున పెట్టే పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. అడుగుదాకా చదవండి. "మిశ్రమ లోహం" అని మాత్రమే రాసి ఉంటే జింకో ఇత్తడో అనుకుని వదిలేయండి.

చేతికొచ్చాక ఒక అయస్కాంతం ఆనించి చూడండి. 316ఎల్ దాదాపు అతుక్కోదు. గట్టిగా లాగితే అది 316ఎల్ కాదు, కొక్కెం స్ప్రింగు దగ్గర కొద్దిగా లాగితే కంగారు పడక్కర్లేదు. ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది: ఇత్తడి కూడా అయస్కాంతానికి అతుక్కోదు, కాబట్టి అతుక్కోలేదు గనక స్టీలే అని తీర్మానించలేం.

గ్యారంటీ కాగితం కూడా చదవాలి. రంగు పోతే మారుస్తామంటున్నారా, లేక తెగితే మాత్రమేనా? ఈతకొలను, సముద్రం, సెంటు వల్ల వచ్చే నష్టాన్ని మినహాయించారా? పైన వాటర్‌ప్రూఫ్ అని రాసి, కింద షరతుల్లో నీటికి దూరంగా ఉంచండి అని ఉంటే ఆ కింది మాటనే నమ్మండి. లోహం ఏది, పూత ఏ పద్ధతి, కొక్కెం దేనితో చేశారు అని అమ్మేవాళ్ళకు రాసి అడగండి. సూటిగా జవాబిస్తే, అడిగిన ధరకు ఆ నగ తగినదే. జవాబు రాకపోయినా డిజైను మరీ నచ్చి కొనాలనిపిస్తే, గిల్టు నగకు ఇచ్చే ధరే ఇచ్చి, గిల్టు నగలాగే స్నానానికి ముందు తీసి పెట్టుకోండి.